పాత ర్యాక్ సర్వర్లపై డెబియన్ కెర్నెల్: ఏళ్లపాటు వాడాక నా సమీక్ష

ముందే తేల్చి చెప్పేస్తాను. సర్వర్‌కి కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ని నడిపించే గుండెకాయ) ఎంచుకునేటప్పుడు వేగం, కొత్త ఫీచర్లు అన్నీ తర్వాతి మాట. ప్యాచ్ (లోపాల్ని సరిచేసే అప్‌డేట్) వేసి రీబూట్ చేశాక మెషిన్ లేవకపోతే పాత కెర్నెల్‌కి ఎంత తేలిగ్గా వెనక్కి రాగలం? నేను చూసేది ఇదొక్కటే. ఆ లెక్కన లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ స్టేబుల్ కెర్నెల్‌కి మంచి మార్కులే వేస్తాను. నూటికి నూరు మాత్రం వేయను.

నేను పనిచేసేది సనత్‌నగర్‌లో ఒక మందుల డిస్ట్రిబ్యూషన్ కంపెనీలో. బిల్లింగ్ డేటాబేస్, ఫైల్ సర్వర్, బ్యాకప్, ఇంకొన్ని వర్చువల్ మెషిన్లు. అన్నీ ఆఫీసు వెనక ఏసీ గదిలో ఒకే ర్యాక్‌లో ఉంటాయి. సర్వర్లలో సగం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవే. ఇంటెల్ జియాన్ ఈ5 వీ2, వీ3 తరం, ఒక్కోదాంట్లో రెండేసి ప్రాసెసర్లు, హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు (చాలా డిస్కుల్ని కలిపి ఒకటిగా చూపించేది), ఈసీసీ మెమరీ (చిన్న తప్పుల్ని సరిదిద్దేది). క్లౌడ్‌కి ఎందుకు పోలేదని అడుగుతారు. మా ఓనర్ గారికి నెలనెలా బిల్లు కట్టడమంటే గిట్టదు. ఒకసారి కొంటే పడి ఉండాలి, అంతే. డెబియన్ 10 రోజుల్లో 4.19 కెర్నెల్‌తో మొదలుపెట్టి, 5.10, 6.1 మీదుగా ఇప్పుడు ఒక మెషిన్‌లో 6.12 దాకా వచ్చాం.

డెబియన్‌కి రావడానికి సగం కారణం సెంటోస్, అంటే రెడ్‌హ్యాట్ లినక్స్‌కి ఉచిత రూపం. 2029 దాకా ఉంటుందని అందరూ నమ్మిన సెంటోస్ 8కి 2021 చివర్లోనే మంగళం పాడేస్తున్నట్టు 2020 డిసెంబర్‌లో ప్రకటన వచ్చింది. చాలామంది రెడ్‌హ్యాట్‌నే అనుసరించే ఆల్మా లినక్స్‌కో రాకీ లినక్స్‌కో మారిపోయారు. అవి మంచివే, కాదనను. మాకు అడ్డొచ్చింది హార్డ్‌వేర్. రెడ్‌హ్యాట్ 8వ వెర్షన్‌లో పాత రెయిడ్, ఎస్ఏఎస్ (సర్వర్ డిస్కుల) కార్డుల ఐడీలను డ్రైవర్లలోంచి (హార్డ్‌వేర్‌తో మాట్లాడే ప్రోగ్రాముల్లోంచి) తీసేశారు. డ్రైవర్ ఉంటుంది, పేరు కూడా అదే, కానీ మన కార్డు నంబర్ అందులో లేదు కాబట్టి ఇన్‌స్టాలర్‌కి డిస్కులే కనపడవు. ఎల్‌ఎస్‌ఐ ఎస్ఏఎస్2008 చిప్ ఉన్న కార్డులు వాడేవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. ఈఎల్‌రెపో అనే బయటి ప్రాజెక్టు వాళ్లు ఆ డ్రైవర్ విడిగా ఇస్తారు, పని చేస్తుంది కూడా. కాకపోతే కొత్త రిలీజ్ వచ్చినప్పుడల్లా ఆ బయటి డ్రైవర్ వచ్చిందా లేదా అని ఎదురుచూడాలి. డిస్కులు కనపడటమే దాని మీద ఆధారపడినప్పుడు నాకు నిద్ర పట్టదు. దీనికి తోడు రెడ్‌హ్యాట్ 10కి ఎక్స్86-64-వీ3 ప్రాసెసర్ ఉండాలి. అంటే హాస్వెల్ (ఈ5 వీ3) కంటే ముందు తరం జియాన్లన్నీ అవుట్. మా ఈ5 వీ2లు అందులోకే వస్తాయి. డెబియన్ మాత్రం పాత 64 బిట్ ప్రాసెసర్లని ఇంకా బయటికి పంపలేదు.

కొత్తవాళ్ల కోసం డెబియన్ పద్ధతి గురించి రెండు ముక్కలు. ఒక్కో డెబియన్ రిలీజ్ ఒక దీర్ఘకాల కెర్నెల్‌ని పట్టుకుంటుంది. 10కి 4.19, 11కి 5.10, 12కి 6.1, 13కి 6.12. ఆ తర్వాత లినక్స్ స్టేబుల్ కెర్నెళ్లని చూసుకునే గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ బృందం ఆ శాఖకి విడుదల చేసే స్టేబుల్ సవరణలే మనదాకా వస్తాయి. ప్యాకేజీ పేరులో ఒక నంబర్ ఉంటుంది, 6.1.0-17, 6.1.0-18 అని. ఆ నంబర్ మారితే కొత్త కెర్నెల్ పాతదాని పక్కన కూర్చుంటుంది, పాతది బూట్ మెనూలో అలాగే ఉంటుంది. నంబర్ మారకుండా అప్‌డేట్ వస్తే మాత్రం పాతదాని మీదే రాసేస్తుంది, ఇక వెనక్కి పోదామంటే ఆ కాపీ ఉండదు. 4.19 కాలంలో ఇలా జరుగుతుండేది, ఇప్పుడు బాగా తగ్గింది. అక్కర్లేని ప్యాకేజీల్ని తీసే ఆటోరిమూవ్ ఆదేశం కొడితే నడుస్తున్న కెర్నెల్‌నీ, సరికొత్తదాన్నీ ఉంచి మిగతావి తీసేస్తుంది. నేను నమ్మకంగా నడిచిన ఒక కెర్నెల్‌ని మాన్యువల్ అని మార్క్ చేసి పెడతాను, ఆటోరిమూవ్ దాని జోలికి పోదు.

ఇక అసలు విషయం, రీబూట్.

మేం ఉండేది ఎక్కడెక్కడో. నేను ఎల్బీనగర్ అవతల. ప్యాచింగ్ రాత్రి 11 దాటాకే కుదురుతుంది, ఎందుకంటే అప్పటిదాకా మెడికల్ షాపుల ఆర్డర్లు పడుతూనే ఉంటాయి. ఆ వేళకి మెట్రో ఉండదు. మెషిన్ లేవకపోతే బండి తీసి ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి పోవాలి. కాబట్టి మనిషి పోనక్కర్లేకుండా దానంతట అదే పాత కెర్నెల్‌కి తిరిగొచ్చే ఏర్పాటు ఉండాలి. మెషిన్ ఆన్ కాగానే కెర్నెల్‌ని ఎంచి లోడ్ చేసే గ్రబ్‌లో ఆ ఏర్పాటు ఉంది, విచిత్రంగా చాలామంది వాడరు.

డిఫాల్ట్ కెర్నెల్‌గా పాతదాన్నే సేవ్ చేసి ఉంచుతాను. కొత్తదాన్ని ‘గ్రబ్-రీబూట్’ ఆదేశంతో ఈ ఒక్కసారికి మాత్రమే బూట్ అవమంటాను. కెర్నెల్ పారామీటర్లలో ‘పానిక్=30’ పెడతాను. కొత్త కెర్నెల్ పానిక్ అయితే (కోలుకోలేని తప్పుతో ఆగిపోతే) 30 సెకన్ల తర్వాత తానే రీబూట్ అవుతుంది. ఒక్కసారి అవకాశం అప్పటికే అయిపోయింది కాబట్టి ఈసారి పాత కెర్నెల్‌తో లేస్తుంది. డెబియన్‌లో ఇంకో సౌకర్యం ఉంది. రూట్ డిస్క్ దొరక్కపోతే మామూలుగా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే తాత్కాలిక సిస్టమ్) ఒక చిన్న షెల్ తెరిచి, మనిషి వచ్చి టైప్ చేస్తాడేమోనని తెల్లవార్లూ చూస్తూ కూర్చుంటుంది. పానిక్ పారామీటర్ ఉంటే ఆ షెల్ తెరవదు, అది కూడా రీబూట్ అవుతుంది. పాత రెయిడ్ కార్డుల వాళ్లకి ఇది ప్రాణం పోసే సంగతి. పూర్తిగా కదలకుండా బిగుసుకుపోయే రకం సమస్యకి మాత్రం పానిక్ పనికిరాదు, హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ (కదలిక లేకపోతే మెషిన్‌ని రీసెట్ చేసే టైమర్) ఉండాలి. సర్వీసులన్నీ నడిపే సిస్టమ్‌డీలో రన్‌టైమ్ వాచ్‌డాగ్ ఆన్ చేస్తే చాలు.

ఇందులో ఒక మెలిక ఉంది. గ్రబ్ ఆ ‘ఒక్కసారి’ గుర్తుని ఒక చిన్న ఫైల్‌లో రాసుకుంటుంది, బూట్ అయ్యేటప్పుడు దాన్ని చెరపాలి. బూట్ పార్టిషన్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ మీదో ఎల్‌వీఎం (డిస్క్ స్థలాన్ని పంచే సాఫ్ట్‌వేర్) మీదో ఉంటే గ్రబ్ దాన్ని చదవగలదు గానీ రాయలేదు. అంటే గుర్తు చెరగదు, పానిక్ అయిన ప్రతిసారీ అదే పాడు కెర్నెల్‌తో మళ్లీ లేవబోతుంది. హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు మొత్తాన్నీ ఒకే మామూలు డిస్కులా చూపిస్తుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. సాఫ్ట్‌వేర్ రెయిడ్ ఉన్న బ్యాకప్ సర్వర్ మీద నేను ఈ పద్ధతి వాడను, దానికి మేనేజ్‌మెంట్ కార్డే దిక్కు.

మేనేజ్‌మెంట్ కార్డు అంటే సర్వర్‌ని దూరం నుంచి నడిపే ఐడ్రాక్, ఐలో లాంటివి. సర్వర్ కొనేటప్పుడు ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లు అని కాదు, ఈ కార్డుకి వర్చువల్ కన్సోల్ లైసెన్స్ ఉందా అని అడగండి. సెకండ్ హ్యాండ్‌లో అమ్మేవాళ్లు ఈ సంగతి ఎత్తరు. మాకు అమ్మినాయన కూడా ఎత్తలేదు, ఆఫీసుకి తెచ్చాక తెలిసింది లైసెన్స్ లేదని. పవర్ ఆన్, ఆఫ్ మాత్రం చేయొచ్చు, స్క్రీన్ కనపడదు. అలాంటి మెషిన్లకి సీరియల్ ఓవర్ ల్యాన్ (స్క్రీన్ అక్షరాల్ని నెట్‌వర్క్ మీద పంపే పద్ధతి) వాడుకోవచ్చు. ఐపీఎంఐ టూల్‌తో నల్ల స్క్రీన్ మీద బూట్ అక్షరాలు అన్నీ వచ్చేస్తాయి. కెర్నెల్ పారామీటర్లలో కన్సోల్ రెండుసార్లు ఇవ్వాలి, మామూలు స్క్రీన్‌కి ఒకటి, సీరియల్ పోర్టుకి ఒకటి. చివర ఏది రాస్తే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మాటలు దానికే వెళ్తాయి. సీరియల్‌ని చివర పెట్టండి.

ఈ సర్వర్లు బూట్ అవడానికి పట్టే టైమ్ గురించి వేరే చెప్పాలి. మెమరీ పరీక్ష, రెయిడ్ కార్డు పరీక్ష, నెట్‌వర్క్ కార్డు పరీక్ష అయ్యి గ్రబ్ కనపడేసరికి ఒక టీ తాగి రావచ్చు. ఆ టైమ్‌లో ఫ్యాన్లన్నీ ఫుల్ స్పీడ్‌లో అరుస్తాయి. కొత్తగా చేరిన వాచ్‌మన్ ఒక రాత్రి ఫోన్ చేశాడు.

“సార్, గా మూడో డబ్బా మస్తు మొత్తుకుంటున్నది. స్విచ్ బందు జెయ్యాల్నా?”

“వద్దన్నా, దాని దగ్గరికే పోకు. అదే సల్లబడ్తది.”

ఇప్పుడు ప్యాచింగ్ ఉన్న రోజు ముందే ఆయనకి చెప్పి పెడతాను. ప్లాన్‌లో అదీ ఒక అంశమే. బయోస్ పరీక్షలన్నీ దాటేసి నేరుగా కొత్త కెర్నెల్‌లోకి దూకే కెఎక్సెక్ అనే దారి ఉంది. కొత్త హార్డ్‌వేర్ మీద బాగుంటుంది. పాత రెయిడ్ కార్డులు రీసెట్ అవకుండా సగం మెలకువలో ఉండిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మా దగ్గర వాడం.

5.10 నుంచి 6.1కి మారినప్పుడు వచ్చిన తంటా ఒకటి వివరంగా చెప్తాను, ఇది ఎవరికైనా ఎదురవుతుంది. కొత్త కెర్నెల్‌తో మెషిన్ హాయిగా లేచింది. పానిక్ లేదు, ఎర్రర్ లేదు. ఆఫీసులో ఉన్న మా జూనియర్ కుర్రాడు ఫోన్ చేశాడు. “అన్నా, లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది గానీ పింగ్ రావట్లే. పోర్ట్ పేరులో చివర ఎన్‌పీ జీరో అని కొత్తగా ఏదో తోక వచ్చింది.” ఈఎన్‌పీ5ఎస్0ఎఫ్0 అని ఉండే పోర్టు ఈఎన్‌పీ5ఎస్0ఎఫ్0ఎన్‌పీ0 అయి కూర్చుంది. కారణం చిన్నదే. కొత్త కెర్నెల్‌లోని డ్రైవర్ పోర్టు భౌతిక పేరు ‘పీ0’ అని కూడా చెప్పడం మొదలుపెట్టింది, పేర్లు పెట్టే యూడెవ్ దాన్ని చివర తగిలించింది. నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఉన్నది పాత పేరు. ఇంటి నంబర్ చివర ‘/ఏ’ చేరిందని పోస్ట్‌మ్యాన్ ఉత్తరం తిప్పి పంపేసినట్టు, ఐపీ అడ్రస్ ఏ పోర్టుకీ అందలేదు.

పాత కెర్నెలే డిఫాల్ట్‌గా ఉంది కాబట్టి మేనేజ్‌మెంట్ కార్డులోంచి ఒక్క రీసెట్ కొడితే ఎప్పటిలాగే లేచింది. తీరిగ్గా మర్నాడు సరిచేశాం. సిస్టమ్‌డీ లింక్ ఫైల్‌లో పోర్టు మ్యాక్ అడ్రస్ (పోర్టుకి ఉండే గుర్తింపు నంబర్) రాసి, దానికి ‘ల్యాన్0’ అని మన సొంత పేరు పెట్టేస్తే కెర్నెల్ ఏ తోక తగిలించినా మనకి పట్టదు. బాండింగ్ (కొన్ని పోర్టుల్ని కలిపి ఒకటిగా నడపడం) వాడేవాళ్లు మామూలు మ్యాక్ కాకుండా పర్మనెంట్ మ్యాక్ అనే ఆప్షన్ వాడాలి, లేకపోతే బాండ్‌లోని పోర్టులన్నీ ఒకే మ్యాక్ చూపించి గందరగోళం అవుతుంది. ఫైల్ రాశాక ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని కూడా మళ్లీ తయారుచేయాలి, పేర్లు పెట్టే పని అక్కడే మొదలవుతుంది.

ఆ తర్వాత ఒక చిన్న స్క్రిప్ట్ కూడా చేర్చాం. బూట్ అయిన 10 నిమిషాల్లో గేట్‌వేకి పింగ్ వెళ్లి, డేటాబేస్ పోర్టు తెరుచుకుంటేనే కొత్త కెర్నెల్‌ని డిఫాల్ట్ చేస్తుంది. లేకపోతే తానే రీబూట్ కొట్టి పాతదానికి వచ్చేస్తుంది. నా అనుభవంలో కెర్నెల్ ప్యాచింగ్ మీద పెట్టిన పనిలో ఇంతకంటే గిట్టుబాటైనది లేదు.

ప్యాచ్ ఎప్పుడు వేయాలి అన్నది ఎప్పుడూ తెగని పంచాయితీ. రాగానే వేసేయాలనేవాళ్లు ఉన్నారు, పని చేస్తున్నదాన్ని కెలకొద్దనేవాళ్లూ ఉన్నారు. రెండు పక్షాలకీ చెరొక ఉదాహరణ ఇస్తాను.

2023 డిసెంబర్ 9న డెబియన్ 12.3 రావాల్సింది. అందులో ఉన్న 6.1.64 కెర్నెల్‌లో ఎక్స్ట్4 ఫైల్ సిస్టమ్ డేటాని పాడుచేసే లోపం ఉందని బయటపడింది. విడుదల ఆపేశారు, అప్‌డేట్ చేయొద్దని హెచ్చరించారు, మర్నాడే 6.1.66తో నేరుగా 12.4 ఇచ్చారు. కారణం చదివితే స్టేబుల్ శాఖ ఎంత సున్నితమో అర్థమవుతుంది. మెయిన్‌లైన్‌లో (ప్రధాన కెర్నెల్ శాఖలో) రెండు మార్పులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, రెండోది మొదటిదాని మీద ఆధారపడింది. 6.1కి వెనక్కి తెచ్చేటప్పుడు రెండోది మాత్రమే వచ్చింది, మొదటిది రాలేదు. ఫలితంగా కొన్ని రకాల డైరెక్ట్ ఐఓ (కాష్‌ని దాటి నేరుగా డిస్క్‌కి రాసే) రాతల తర్వాత ఫైల్‌లో ఎక్కడిదాకా రాశామన్న లెక్క తప్పింది. విడిగా చూస్తే ఆ ప్యాచ్‌లో తప్పు లేదు. వచ్చిన రోజే కళ్లు మూసుకుని ప్యాచ్ వేసేవాళ్లు ఈ ఉదంతం గుర్తుపెట్టుకోవాలి. డెబియన్ వాళ్లు స్పందించిన వేగానికి మాత్రం నేను ఎక్కువ మార్కులు వేశాను.

ఇటువైపు డర్టీ పైప్ అనే లోపం. 2022 మార్చిలో బయటపడిన సీవీఈ-2022-0847 (సీవీఈ అంటే భద్రతా లోపాలకి ఇచ్చే నంబర్). మామూలు యూజర్ ఎవరైనా తనకి చదవడానికే అనుమతి ఉన్న ఫైల్‌లోకి రాసేయగలడు, రూట్ (సర్వాధికారాలున్న యూజర్) అయిపోగలడు. దీన్ని పట్టుకున్న మాక్స్ కెల్లర్‌మన్ మొదట వెతికింది సెక్యూరిటీ లోపం కోసం కాదు, లాగ్ ఫైళ్లు ఎందుకు పాడవుతున్నాయని. వాడుకోవడం ఎంత తేలికంటే, ఆ వారంలో ప్యాచ్ వాయిదా వేయడానికి ఏ సాకూ చెల్లదు. తమాషా ఏమిటంటే లోపం వచ్చింది 5.8లో. అంటే మా కొత్త 5.10 మెషిన్లకి ప్రమాదం, 4.19తో నడుస్తున్న ముసలి మెషిన్‌కి లేదు. కొత్త కెర్నెల్ అంటే భద్రమైన కెర్నెల్ అని గుడ్డిగా అనుకునేవాళ్లు దీన్ని కూడా చూడాలి.

మేం పాటించేది మధ్యే మార్గం. దాడికి వాడుకునే కోడ్ బయటికి వచ్చేసిన లోపమైతే ఆ రాత్రే. మిగతావి ముందు ఫైల్ సర్వర్ మీద వేసి, ఒక వారం చూసి, తర్వాత బిల్లింగ్ మీద. కొన్నిసార్లు రీబూట్ దాకా ఆగడానికి తాత్కాలిక తాళం దొరుకుతుంది. 2024లో కెర్నెల్ ఫైర్‌వాల్ భాగమైన నెట్‌ఫిల్టర్‌లో వచ్చిన సీవీఈ-2024-1086కి దాడి కోడ్ పని చేయాలంటే మామూలు యూజర్లకి యూజర్ నేమ్‌స్పేస్‌లు (లోపల తామే రూట్‌గా ఉండే వేరు గదులు) సృష్టించే అనుమతి ఉండాలి. డెబియన్‌లో ఒక సిస్‌కంట్రోల్ (కెర్నెల్ సెట్టింగ్) విలువ సున్నా చేస్తే ఆ తలుపు మూసుకుంటుంది. కంటైనర్లు రూట్ లేకుండా నడిపేవాళ్లకి అది కుదరదు, మాకు కుదిరింది.

ఆడిట్‌తో వేగడం వేరే కథ. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నెల్ బృందమే సీవీఈ నంబర్లు ఇస్తోంది. భద్రతకి సంబంధం ఉండొచ్చనిపించిన ప్రతి సవరణకీ ఒక నంబర్ పడుతోంది, వారానికి పదుల సంఖ్యలో. ఆడిట్‌కి వచ్చినాయన స్కానర్ తిప్పి ఎర్ర వరుసలతో నిండిన పెద్ద పీడీఎఫ్ చేతిలో పెట్టాడు. అందులో బ్లూటూత్ లోపాలు ఉన్నాయి. ర్యాక్ సర్వర్‌కి బ్లూటూత్ ఎక్కడిది సార్ అంటే, “కెర్నెల్‌లో ఉంది కదండీ” అన్నాడు. ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు అబద్ధమేమీ కాదు, మాడ్యూల్ (కావాల్సినప్పుడు కెర్నెల్‌లోకి లోడ్ అయ్యే ముక్క) డిస్క్ మీద ఉంది. వాడని బ్లూటూత్, సౌండ్, పాత నెట్‌వర్క్ ప్రోటోకాళ్ల మాడ్యూళ్లు లోడ్ కాకుండా మోడ్‌ప్రోబ్ కాన్ఫిగరేషన్‌లో అడ్డుకట్ట వేసి, ఆ ఫైల్ చూపించాను. మిగతా వరుసలకి డెబియన్ సెక్యూరిటీ ట్రాకర్ పేజీలు ప్రింట్ తీసి ఇచ్చాను. ఆ ట్రాకర్‌లో ఒక్కో సీవీఈకి ఏ రిలీజ్‌లో ఏ ప్యాకేజీ వెర్షన్‌తో సవరణ వచ్చిందో స్పష్టంగా ఉంటుంది. రెడ్‌హ్యాట్ వాడే స్నేహితుడికి ఇంకా కష్టం. అక్కడ కెర్నెల్ పైకి 4.18 అనో 5.14 అనో ఏళ్లతరబడి అదే నంబర్ చూపిస్తుంది, సవరణలు లోపల చేరుతుంటాయి. నంబర్ చూసి తీర్పు చెప్పే స్కానర్‌కి అది శిలాయుగపు కెర్నెల్‌లా కనపడుతుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు ఉంచాలి, ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి కాబట్టి, కెర్నెల్ లాగ్‌లు వేరే మెషిన్‌కి పంపే ఏర్పాటు ఎలాగూ ఉంది. అది ఆడిట్ కంటే నాకే ఎక్కువ ఉపయోగపడింది.

ఎలాగంటే, కెర్నెల్ మీద పడే నిందల్లో సగం హార్డ్‌వేర్‌వి. ఒక వేసవిలో, గదిలో ఏసీ మాటిమాటికీ ట్రిప్ అవుతున్న రోజుల్లో, ఒక మెషిన్ ఉన్నట్టుండి రీబూట్ అవడం మొదలైంది. అంతకు కొద్ది రోజుల ముందే కెర్నెల్ అప్‌డేట్ అయింది కాబట్టి అందరి వేళ్లూ అటే. పాత కెర్నెల్‌కి మారాం, అయినా ఆగలేదు. బయటి మెషిన్‌కి చేరిన లాగ్‌లో చివరి వరుసల్లో ‘హార్డ్‌వేర్ ఎర్రర్’ అని ఉంది. ఈడాక్ (కెర్నెల్ రాసుకునే మెమరీ తప్పుల) లెక్కలు చూస్తే ఒకే మెమరీ స్లాట్‌లో సరిదిద్దిన తప్పుల సంఖ్య పెరుగుతూ పోతోంది, మిగతా స్లాట్లన్నీ సున్నా. ఆ డిమ్ (మెమరీ స్టిక్) తీసేశాక సద్దుమణిగింది. రాస్‌డీమన్ ఇన్‌స్టాల్ చేసుకోండి, ఏ స్లాటో పేరుతో సహా చెప్తుంది. కేడంప్ కూడా పెట్టుకోండి. పానిక్ అయినప్పుడు ముందే పక్కన పెట్టిన కొంచెం మెమరీలో రెండో కెర్నెల్ లేచి, చనిపోయినదాని మెమరీని డిస్క్‌కి రాస్తుంది. ఒకసారైనా కావాలని పానిక్ చేసి అది నిజంగా రాస్తోందో లేదో చూసుకోవాలి. పాత రెయిడ్ కార్డులతో రాయకపోవడం మామూలే.

ప్రాసెసర్ లోపాల విషయం. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ బయటపడ్డప్పటి నుంచి కెర్నెల్ ప్యాచ్ ఒక్కటే సరిపోవట్లేదు, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్‌కి అప్‌డేట్) కూడా కావాలి. డెబియన్‌లో అది నాన్-ఫ్రీ ఫర్మ్‌వేర్ విభాగంలో ఉంటుంది, ప్యాకేజీ పెట్టుకుంటే బూట్ మొదట్లోనే లోడ్ అవుతుంది. సిస్ డైరెక్టరీలో సీపీయూ వల్నరబిలిటీస్ ఫోల్డర్ తెరిచి చూడండి, ఒక్కో లోపానికి ఒక్కో వరుస ఉంటుంది. ‘మిటిగేషన్: పీటీఐ’ అని ఉంటే రక్షణ ఉంది, సరే. ‘క్లియర్ సీపీయూ బఫర్స్ అటెంప్టెడ్, నో మైక్రోకోడ్’ అని ఉంటే కెర్నెల్ తన వంతు చేసింది, ప్రాసెసర్ సహకరించలేదని అర్థం. బాగా పాత ప్రాసెసర్లకి ఆ మైక్రోకోడ్ ఇక రాదు. స్పీడ్ కోసం ‘మిటిగేషన్స్=ఆఫ్’ పెట్టుకోమనే సలహాలు కనపడుతుంటాయి. ఒకే పని చేసే, బయటి కోడ్ నడవని బ్యాకప్ మెషిన్ అయితే మీ ఇష్టం. వర్చువల్ మెషిన్లు ఉన్న చోట మాత్రం దయచేసి వద్దు.

లైవ్ ప్యాచింగ్ గురించి క్లుప్తంగా. ఒక ఉబుంటు మెషిన్ మీద కెనానికల్ లైవ్‌ప్యాచ్ వాడాను, ఉబుంటు ప్రో 5 మెషిన్ల దాకా ఉచితం. లోపమున్న ఫంక్షన్ మొదట్లోనే దారి మళ్లించి కొత్త ఫంక్షన్‌కి పంపుతుంది, రీబూట్ అక్కర్లేదు. బాగా పని చేసింది. అయితే డేటా స్ట్రక్చర్లు మారే సవరణలకి ఇది అంత తేలిగ్గా కుదరదు, మైక్రోకోడ్, ఫర్మ్‌వేర్ సంగతితో దీనికి సంబంధం లేదు. నంబర్ పాతదే చూపిస్తుంది కాబట్టి ఆడిటర్‌తో మళ్లీ అదే రభస. రీబూట్‌ని శనివారం దాకా వాయిదా వేయడానికి మంచి సాధనం. డెబియన్ సొంతంగా ఇలాంటి సేవ ఇవ్వదు, నేను మార్కులు తగ్గించిన చోట్లలో అదొకటి.

సొంతంగా కెర్నెల్ కంపైల్ చేసుకోవడం? నేర్చుకోవడానికి చేయండి, భలే ఉంటుంది. ప్రొడక్షన్‌కి వద్దు. ఒక్కసారి మొదలుపెడితే ప్రతి సెక్యూరిటీ సవరణకీ మీరే కాపలా. లోపం ఎక్కడొచ్చిందో గిట్ బైసెక్ట్‌తో (మార్పుల్ని సగం సగం చేసుకుంటూ) వెతకాలంటే స్టేబుల్ రిలీజ్‌ల మధ్య కొన్ని వందల మార్పులే కాబట్టి ఎనిమిది, తొమ్మిది బిల్డ్‌లతో తేలుతుంది, అదే రెండు మెయిన్‌లైన్ వెర్షన్ల మధ్య అయితే పద్నాలుగు దాకా పోతుంది. ఒక్కో బిల్డ్‌కి ఒక రీబూట్, ఒక్కో రీబూట్‌కి ఆ ఫ్యాన్ల గోల. వర్చువల్ మెషిన్‌లో లోపం మళ్లీ తెప్పించగలిగితేనే ఆ పనికి దిగండి.

అప్‌టైమ్ (రీబూట్ లేకుండా నడిచిన కాలం) చూపించి గొప్పలు పోయేవాళ్లతో నాకు పేచీ ఉంది. 2.6.32 కెర్నెల్‌లో 208.5 రోజులు దాటితే గడియారం లెక్క ఓవర్‌ఫ్లో అయ్యి మెషిన్ పడిపోయే లోపం ఉండేది. ఏఎమ్‌డీ రోమ్ తరం ఎపిక్ ప్రాసెసర్లలో సుమారు 1,044 రోజులు రీసెట్ లేకుండా నడిస్తే కోర్ నిద్రలోంచి లేవకపోవచ్చని ఆ కంపెనీయే తన లోపాల పత్రంలో రాసింది. ఏళ్లతరబడి రీబూట్ చేయని మెషిన్ మళ్లీ లేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. అందుకే ప్యాచ్ ఉన్నా లేకపోయినా కొన్ని నెలలకోసారి మేమే రీబూట్ చేస్తాం. లేవనిది ఏదైనా ఉంటే మనం ఎంచుకున్న రాత్రే తెలియాలి, కరెంటు పోయి యూపీఎస్ చేతులెత్తేసిన రాత్రి కాదు.

రోజు ఎంచుకోవడం కూడా లెక్కే. నిమజ్జనం నాడు ఆఫీసుకి సెలవు కదా, హాయిగా ప్యాచింగ్ పెట్టుకుందామని మా మేనేజర్ గారు ఒకసారి అన్నారు. ఆ రోజు ట్యాంక్‌బండ్ చుట్టుపక్కల దారులన్నీ బంద్. మెషిన్ మొరాయిస్తే ఎల్బీనగర్ నుంచి సనత్‌నగర్‌కి ఎలా పోతాను? సంక్రాంతి అయితే ఊరంతా ఖాళీ, దారులు ఖాళీ, గోడౌన్ బంద్. మా పెద్ద అప్‌గ్రేడ్లన్నీ అప్పుడే.

డెబియన్ 13 సంగతి. 2025 ఆగస్టులో వచ్చింది, ఫైల్ సర్వర్ మీద 6.12తో నడుస్తోంది, ఇప్పటిదాకా పేచీ లేదు. మారేముందు బూట్ పార్టిషన్ చూసుకోండి. రిలీజ్ నోట్స్ కనీసం 768 ఎంబీ ఉండాలి, అందులో సుమారు 300 ఎంబీ ఖాళీ ఉండాలి అంటున్నాయి. పాత ఇన్‌స్టలేషన్లలో అది 500 ఎంబీకి అటూఇటూ ఉంటుంది. నిండిపోతే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సగంలో ఆగిపోతుంది, అది చూడకుండా రీబూట్ కొడితే ఇంతసేపూ చెప్పుకున్న తంతు అంతా చేతికొస్తుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ‘మాడ్యూల్స్=డెప్’ పెడితే ఆ మెషిన్‌కి కావాల్సిన డ్రైవర్లే చేరి సైజు బాగా తగ్గుతుంది. కానీ రేపు ఆ డిస్కులు ఇంకో రకం కార్డున్న మెషిన్‌లో పెడితే లేవదు. అది కాపాడుకుంటున్న పాత కెర్నెల్‌కి కూడా వర్తిస్తుంది కాబట్టి నేను వాడలేదు, ఫైల్ సర్వర్‌ని ఏకంగా పెద్ద బూట్ పార్టిషన్‌తో మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను.

బిల్లింగ్ మెషిన్ ఇంకా 6.1 మీదే ఉంది. డెబియన్ 12కి మామూలు సెక్యూరిటీ సపోర్ట్ 2026 జూన్ దాకా, ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్) 2028 జూన్ దాకా ఉంది కాబట్టి తొందరేం లేదు. ఓనర్ గారు కొత్త రెయిడ్ కార్డుకి సరేనంటే రెండూ ఒకేసారి, లేదంటే కెర్నెల్ ఒక్కటే.